ఉప్పుటేరు గట్టున మడ మొక్కలు: ముందు నీటిదారి చూడండి

మీరు అడిగినవి రెండు: కోతకు గురవుతున్న ఉప్పుటేరు గట్టును మడ మొక్కలు కాపాడతాయా, ఊరి వాననీటి కాలువ అక్కడే కలుస్తోంది కదా, దాన్ని ఏం చేయాలి. గోదావరి డెల్టాలో మా ఊరి వనసంరక్షణ సమితితో కలిసి ఈ పని చేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

కాపాడతాయి. కానీ నాటడం ఆఖరి పని. పోటుకు మునిగి, పాటుకు తేలే బురద ఉంటేనే మడ బతుకుతుంది. మా వైపు ఒకప్పుడు అడవిని మొత్తంగా నరికేసిన చోట్ల నేల ఎండి, కుంగి, మధ్యలో పల్లమైంది. పోటు నీరు అందులోకి చేరి తిరిగి పోలేక ఆవిరవుతూ ఉప్పు మిగిల్చేది. అలాంటి చోట ఎన్ని మొక్కలు పెట్టినా మాడిపోవాల్సిందే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది ఇందుకే. ఏటి నుంచి ఏటవాలుగా ఒక పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ పిల్లకాలువలు. పోటుపాట్లకు ఉప్పు కడుక్కుపోయాక కాలువల అంచున తెల్లమడ నిలదొక్కుకుంది. నీళ్లలో కొట్టుకొచ్చిన గింజలు వాటంతటవే మొలిచిన చోట్లూ ఉన్నాయి, నాకు అవే ఎక్కువ ముచ్చట.

అందుకని ముందు మీ గట్టు దగ్గర నీరు ఎంతవరకు ఎక్కుతోందో, ఎక్కడ నిలిచిపోతోందో చూసి గుర్తులు పెట్టుకోండి. పార పట్టేముందు అటవీ శాఖను అడగండి, మడ ఉన్న నేల తీరప్రాంత నియంత్రణ నిబంధనల కిందకు వస్తుంది.

ఇక వాననీటి కాలువ. సిమెంటు తూము నుంచి నీరు ఒక్కచోటే దూకితే గట్టు అక్కడే కోసుకుంటుంది. ఏటికి కాస్త ముందే కాలువను వెడల్పు చేసి, లోతు తగ్గించి, తుంగ, జమ్ము పెరగనివ్వండి. నీటి వేగం తగ్గుతుంది, ఒండ్రు దిగుతుంది. ప్లాస్టిక్ చెత్తకు అడ్డంగా జల్లెడ పెట్టి, ప్రతి పెద్ద వాన తర్వాతా ఎవరో ఒకరు తీయాలి. ఆ మంచినీరు పలచగా పరుచుకుని ఏట్లో కలిస్తే మడకూ మేలే, ఉప్పు విరుగుతుంది. రొయ్యల చెరువుల మురుగును మాత్రం అందులోకి వదలనివ్వకండి.

సముద్రం నేరుగా కొట్టే ఉప్పాడ లాంటి తీరానికి ఈ సలహా పనికిరాదు, ఆ కెరటాలకు మొక్క వేరు పట్టదు. సరుగుడు ఇసుక దిబ్బలకే, ఏటి బురదలో వద్దు.

అన్నట్టు, గేదెలకు తెల్లమడ ఆకు మహా ఇష్టం. లేత మొక్కలు ఎదిగే దాకా కాపలా ఎవరిదో ముందే ఊళ్లో మాట్లాడుకోండి.