తీపి కాస్త ఎక్కువే వెయ్యమ్మా

చి.ల.సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. పిల్లలకి సెలవులు ఇచ్చేశారని, సాయంత్రం ఐసు బండి గంట వినపడితే చాలు గేటు దగ్గరికి పరుగేనని, పోనీ ఇంట్లోనే పుల్ల ఐసు చేసి పెడదామంటే రాయిలా బిగుసుకుపోతోందని రాశావు. మౌల్డులు మార్చి చూడమని మీ పక్కింటావిడ చెప్పిందట. డబ్బు దండగ. మౌల్డులది తప్పేమీ లేదు, నువ్వు పంచదారకి భయపడుతున్నావు.

ఫ్రీజర్లో గడ్డకట్టేది నీళ్ళు. తీపి తక్కువైతే ఉన్న నీళ్ళన్నీ ఒకటే గడ్డ అయిపోయి పళ్ళు దిగవు. పంచదారో బెల్లమో కరిగి ఉంటే నీళ్ళు అంత తేలిగ్గా గడ్డకట్టవు, లోపల కొంచెం మెత్తదనం మిగులుతుంది. అలాగని మరీ గుమ్మరించినా కుదరదు, పుల్ల లాగితే పుల్ల ఒక్కటే చేతికొస్తుంది. పైగా చల్లగా ఉన్నప్పుడు నాలుకకి తీపి సరిగ్గా తెలియదు. మౌల్డులో పోసే ముందు రుచి చూస్తే ‘అయ్యో, కాస్త ఎక్కువైందే’ అనిపించాలి, గడ్డకట్టాక సరిపోతుంది. ఆరోగ్యం పేరు చెప్పి తీపి సగానికి కోసెయ్యడం కన్నా పిల్లలకి చిన్న పుల్ల చేసివ్వడం నయం.

ఫ్రీజర్లో పెడితే క్రిములు చచ్చిపోతాయని కూడా అనుకోకు. చాలావరకు ఊరికే పడి ఉంటాయి, కరిగాక మళ్ళీ లేస్తాయి. బయటి ఐసుతో నాకున్న భయం రంగుల కన్నా ఆ నీళ్ళ గురించే. కాబట్టి కాచి చల్లార్చిన నీళ్ళే వాడు.

ఇక పళ్ళ సంగతి. మామిడితో మొదలుపెట్టు, అదైతే చెడిపోవడం కష్టం. బంగినపల్లికి పీచు ఉండదు గనక ముక్కలు మిక్సీలో వేస్తే చాలు. రుచి మాత్రం రసాలదే, నూజివీడు దగ్గర పుట్టినదాన్ని కదా, నేను ఇంకోలా చెప్పను. కాయల్ని ఓ గంట నీళ్ళలో నానబెట్టి, ముచ్చిక తీసి, మొదట వచ్చే సొన పిండి పారేసి, తర్వాత మెత్తగా పిసికి రసం తీసి జల్లెడలో వడకట్టు. రెండు గ్లాసుల రసానికి రెండు పెద్ద చెంచాల పంచదార, అర చెక్క నిమ్మరసం, చిటికెడు ఉప్పు. నిమ్మరసం మానొద్దు, అది లేకపోతే మామిడి చప్పగా, బరువుగా ఉంటుంది. గుజ్జు చిక్కగా ఉండబట్టి ఈ ఐసు దానంతట అదే మెత్తగా వస్తుంది.

పుచ్చకాయ అలా కాదు, అంతా నీళ్ళే. దాన్ని పుల్లకి పెట్టి కష్టపడకు. గింజలు తీసి రసం చేసి, పంచదార, నిమ్మరసం కలిపి వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పోసి ఫ్రీజర్లో పెట్టు. అరగంటకోసారి ఫోర్కుతో గీకుతూ ఉంటే ఇసుకలా పొడిపొడిగా వస్తుంది. గిన్నెల్లో వేసి పైన నానిన సబ్జా గింజలు చల్లితే పిల్లలు చెంచాలతో తినేస్తారు. కొబ్బరి నీళ్ళదీ ఇదే గొడవ. వాటిలో లేత కొబ్బరి గుజ్జు రుబ్బి కలిపి, కాస్త పటికబెల్లం కరిగించి, తాటిముంజల ముక్కలు వేసి చూడు.

శ్రీరామనవమి పానకం ఎప్పుడైనా పుల్ల ఐసుగా పెట్టావా? ఒక గ్లాసు బెల్లం తురుముకి నాలుగు గ్లాసుల నీళ్ళు, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా శొంఠి, నాలుగు యాలకులు, ఒక నిమ్మకాయ. బెల్లంలో నలకలు ఉంటాయి, తప్పకుండా వడకట్టు. తెల్లగా మెరిసే బెల్లం కన్నా ముదురు రంగుదే తీసుకో. మొదట చల్లగా, తర్వాత గొంతులో మిరియాల ఘాటు. మీ ఆయనకి నచ్చుతుంది, పిల్లలు మొదటిరోజు మొహం చిట్లించినా పట్టించుకోకు.

పాల ఐసుకి ఓపిక కావాలి. లీటరు చిక్కటి పాలు అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నని సెగ మీద సగం కన్నా తక్కువయ్యేదాకా మరిగించు. పక్కలకి అంటుకున్న మీగడ గీకి మళ్ళీ పాలల్లోనే కలుపుతూ ఉండు, కుల్ఫీ రుచంతా అందులోనే ఉంది. ఐదారు పెద్ద చెంచాల పంచదార, యాలకుల పొడి, మెత్తగా దంచిన జీడిపప్పు వేసి, పూర్తిగా చల్లారాక చిన్న స్టీలు గ్లాసుల్లో పొయ్యి. బెల్లం వెయ్యాలనుంటే చల్లారాకే కలుపు, వేడి పాలల్లో వేస్తే విరుగుతాయి. సేమ్యా ఐసు అడిగితే ఇంత మరిగించక్కర్లేదు, పాలల్లో చెంచాడు కార్న్‌ఫ్లోర్ వేసి ఉడికించి, విడిగా ఉడికిన సేమ్యా కలపడమే. సేమ్యా అడుక్కి దిగుతుంది, ఐసు తిరగేస్తే అదే కొసన ఉంటుంది. పిల్లలు ముందు దాన్నే కొరుక్కుని తింటారు.

అనాస పచ్చి రసం మాత్రం పాలతో కలపకు, చేదెక్కుతుంది.

మౌల్డుని అంచుదాకా నింపకు, గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది. పుల్ల సగం గట్టిపడ్డాక గుచ్చితే నిటారుగా నిలుస్తుంది. పైన మూత పెట్టు, లేకపోతే ఫ్రిజ్‌లో ఉన్న అల్లంవెల్లుల్లి వాసనంతా కుల్ఫీకి పడుతుంది. రాత్రి పెట్టి పొద్దున దాకా తలుపు తెరవకపోతే మంచిది. బయటికి తీశాక పావు నిమిషం కుళాయి నీళ్ళ కింద పట్టుకుంటే సులువుగా ఊడి వస్తుంది. కరెంటు పోయి పాల ఐసు పూర్తిగా కరిగిపోతే మళ్ళీ గడ్డకట్టించి పెట్టకు, పారబొయ్యి. పళ్ళ ఐసు అయితే వెంటనే రసంలా తాగేయండి.

పంచదార బదులు తేనె వెయ్యొచ్చా అని అడిగావు. పెద్దపిల్లకి వెయ్యొచ్చు. చంటివాడికి ఏడాది నిండేదాకా తేనె వద్దు, ఐసులో అయినా సరే.

ఆదివారం మీ పెదనాన్న హైదరాబాద్ వస్తున్నారు, ఓ బుట్ట రసాలు పంపుతున్నాను. కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి, వాటిని బియ్యం డబ్బాలో పెట్టు. మగ్గినవి ముందు వాడెయ్యి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ