వెనక టైరు నడిమధ్యే ఎందుకు అరుగుతుంది?

లాంగ్ రైడ్లకు వెళ్లే పాఠకులు టైర్ల మార్పిడి గురించి పంపిన ప్రశ్నలు, వాటికి జవాబులు.

ప్రశ్న: నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350. ఇప్పటికి 15 వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు రెండుసార్లు విజయవాడ వెళ్లి వస్తాను. మధ్యమధ్యలో మా ఆవిడతో శ్రీశైలం. వెనక టైరు నడుమ బల్లపరుపుగా అరిగిపోయింది, అంచులు మాత్రం కొత్తవాటిలాగే ఉన్నాయి. ఈసారి 25 వేలైనా వచ్చే టైరు చెప్పండి. (ఎల్బీ నగర్, హైదరాబాద్)

జవాబు: హైవే మీద బండి నిటారుగా పోతున్నంతసేపూ వెనక టైరులో నేలకు ఆనేది మధ్యలో ఉన్న కొద్దిపాటి పట్టీ మాత్రమే. ఇంజన్ లాగుడు, వెనక కూర్చున్నవాళ్ల బరువు, సామాను అంతా దాని మీదే. వంపులు తక్కువగా ఉన్న రోడ్డు మీద తిరిగే బండికి అంచులు అరగవు, నడుమ చదునవుతుంది. అది టైరులో లోపం కాదు. ఇద్దరితో తిరిగిన బండికి 15 వేలు రావడం కూడా తక్కువేమీ కాదు. 25 వేల కిలోమీటర్లు వస్తుందని ఏ షాపు చెప్పినా నమ్మకండి. గాలి సరిగ్గా చూసుకుంటే 17, 18 వేలు ఆశించవచ్చు.

గాలి దగ్గరే ఎక్కువమంది టైరును పాడుచేసుకుంటున్నారు. గాలి చూడాల్సింది పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు. చౌటుప్పల్ దాకా తోలి, బంకులో ఆపి చూస్తే మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. ‘గాలి ఎక్కువైంది’ అనుకుని అక్కడ కొంత గాలి తీసేయిస్తే చల్లారాక అది తక్కువైనట్టే. తక్కువ గాలితో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ప్రతి చుట్టుకీ నలుగుతుంది, ఆ నలుగుడుకే వేడెక్కుతుంది, వేడెక్కిన రబ్బరు త్వరగా అరుగుతుంది. మే నెల రోడ్డు మీద ఈ నష్టం ఇంకా ఎక్కువ. అలాగని అవసరానికి మించి కొట్టించినా నడుమే అరుగుతుంది. ఒక్కరు వెళ్లినప్పుడు ఎంత, ఇద్దరు వెళ్లినప్పుడు ఎంత అన్నది మాన్యువల్లో విడిగా ఇస్తారు. శ్రీశైలం బయల్దేరే పొద్దున రెండో అంకె ప్రకారం ఉండాలి. సొంత గేజి ఒకటి కొనుక్కోండి. రెండు బంకుల గేజీలు ఒకే అంకె చూపడం అరుదు.

ఇక టైరు. మీ బండి వెనక సైజు 140/70-17, అంటే వెడల్పు 140 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు. ఆ పక్కన 66పి అని కనిపిస్తే, 66 అంటే ఆ టైరు మోయగల బరువు 300 కిలోలు, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం వరకు. బండి 191 కిలోలు, ఇద్దరు మనుషులు 150, సామాను 20 అనుకుంటే 361. అందులో మూడింట రెండు వంతులు వెనక పడినా 240. అంటే సరిపోతుంది, కానీ గాలి సరిగ్గా ఉంటేనే. కొత్త టైరుకి ఈ రెండూ ఇంతకంటే ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు. ఎస్ అంటే 180, హెచ్ అంటే 210.

షాపులో టైరును చేత్తో తిప్పి నడుమ చూడండి. గాడులు మధ్య గీతను తెంచకుండా రబ్బరు ఒకే పట్టీగా సాగితే అది హైవేకి ఎక్కువ కాలం నిలుస్తుంది. బటన్ టైరు (పైన రబ్బరు దిమ్మలు విడివిడిగా ఉండేది) చూడ్డానికి దిట్టంగా ఉన్నా తారు మీద ముందుగా అరిగేది అదే. నడుమ గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తని రబ్బరు ఉండే డ్యూయల్ కాంపౌండ్ మీ సైజులో దొరికితే మీ వాడకానికి అంతకంటే సరైనది లేదు. పూర్తిగా గట్టి రబ్బరు టైరు మాత్రం వద్దు. వానాకాలం మన్ననూరు దాటాక ఘాట్‌లో బ్రేకు పట్టినప్పుడు మీకు కావాల్సింది మైలేజీ కాదు, తడిలో పట్టు.

సైజులో గీతకు బదులు ‘ఆర్’ అక్షరం ఉంటే రేడియల్, అంటే లోపలి దారాల పొరలు ఈ అంచు నుంచి ఆ అంచుకి సూటిగా సాగే రకం. ముందు రేడియల్, వెనక మామూలు టైరు, ఈ జత ఎప్పుడూ వేయించకండి. వీలైతే రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ తీసుకోండి.

ప్రశ్న: టైరు ఎప్పుడు మార్చాలి? పూర్తిగా గుండయ్యే దాకా ఆగొచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఆగకూడదు. సైడ్‌వాల్ మీద చిన్న త్రికోణం గానీ టీడబ్ల్యూఐ అన్న అక్షరాలు గానీ ఉంటాయి. వాటికి సూటిగా గాడిలోకి చూస్తే అడ్డంగా చిన్న రబ్బరు గట్టు కనిపిస్తుంది. ట్రెడ్ (నేలకు ఆనే గాడుల పొర) ఆ గట్టుతో సమానమైందంటే 0.8 మిల్లీమీటర్లే మిగిలినట్టు. చట్టం టూవీలర్‌కి ఒప్పుకునే ఆఖరి హద్దు అది. కానీ వానలో గాడుల పని నీటిని బయటికి తోయడం. అంత తక్కువ లోతులో ఆ పని జరగదు. దూరప్రయాణాలు చేసేవాళ్లు 2 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలి, అదీ జూన్‌కి ముందే.

ప్రశ్న: రెండేళ్ల క్రితం తయారైన టైరు తగ్గింపు ధరకు ఇస్తున్నారు. తీసుకోవచ్చా? (ఖమ్మం)

జవాబు: ముందు తేదీ మీరే చదవండి. సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2225 అంటే 2025లో 22వ వారం, మే ఆఖరు. కొన్నిసార్లు ఒక వైపే ఉంటుంది కాబట్టి రెండు వైపులా చూడండి. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగేవారికి ఆ టైరు ఏడాదిలో అరిగిపోతుంది. ఎండ తగలకుండా నిల్వ ఉంచిందైతే, పగుళ్లు లేకపోతే తీసుకోవచ్చు. ఏడాదికి మూడు నాలుగు వేలు తిరిగేవారు మాత్రం కొత్తదే తీసుకోవాలి. వాళ్ల టైరు అరిగే లోపే రబ్బరు బిగుసుకుపోతుంది. ఐఎస్ఐ గుర్తు చూడండి, ఆ నాలుగంకెలు బిల్లు మీద రాయించుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో అదీ సరిచూసుకోండి.

ప్రశ్న: క్లాసిక్ 350కి స్పోకు చక్రాలు. టైరు మీద ట్యూబ్‌లెస్ అని ఉంది, ట్యూబు అక్కర్లేదంటున్నాడు షాపతను. ఇంకో మాట, 120/80 బదులు 130/80 వేస్తే ఎక్కువ కాలం వస్తుందట. (గుంటూరు)

జవాబు: రెండూ వద్దు. మామూలు స్పోకు రిమ్ములో ప్రతి స్పోకు దగ్గరా రంధ్రం ఉంటుంది, గాలి నిలవదు. ట్యూబ్‌లెస్ టైరును ట్యూబుతో వాడుకోవచ్చు. లోపల అంటించిన బార్‌కోడ్ స్టిక్కర్లు పీకించండి, అవి ట్యూబును ఒరుసుకుంటూ పంక్చర్ చేస్తాయి. టైరుతోపాటు ట్యూబూ కొత్తదే, అదే సైజుది వేయించండి. పాత ట్యూబు సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడి అక్కడే చిరుగుతుంది. రిమ్ టేపు (స్పోకుల చివరలు ట్యూబుకి గుచ్చుకోకుండా వేసే పట్టీ) చూడండి, లోపల పౌడర్ చల్లించండి. వాల్వు నట్టును రిమ్ముకి బిగించకుండా పైకి తిప్పి క్యాపుకి ఆనించి ఉంచితే మంచిది. టైరు ఎప్పుడైనా రిమ్ము మీద కాస్త జరిగితే వాల్వు ఒరిగి కనిపిస్తుంది. నట్టు బిగించి ఉంటే ఒరగదు, మొదలంటా తెగుతుంది.

వెడల్పు సంగతి. 120/80-18 మొత్తం ఎత్తు సుమారు 649 మిల్లీమీటర్లు, 130/80-18 ఎత్తు 665. అంటే వెడల్పు ఒక్కటే పెరగదు, చక్రం ఎత్తూ 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య, టైరుకీ చైనుకీ మధ్య ఖాళీ తగ్గుతుంది. అదే రిమ్ములో వెడల్పు టైరు నొక్కుకుపోయి నడుమ ఇంకా గుండ్రంగా లేస్తుంది, నేలకు ఆనే పట్టీ మీరనుకున్నంత పెరగదు.

ప్రశ్న: ముందు టైరు గరగరమంటోంది. ట్రెడ్ చాలానే ఉంది. (అనంతపురం)

జవాబు: అరచేతిని టైరు మీద ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి జరపండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపం పళ్లలా తగిలితే అది ఎగుడుదిగుడు అరుగుదల. తక్కువ గాలి, పాతబడిన ఫోర్కు ఆయిల్, వదులైన కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), ఈ మూడూ చూపించండి. అవి సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే అరుగుతుంది.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను, బండి హోండా గోల్డ్‌వింగ్. ఇక్కడ కొందరు వెనక చక్రానికి కారు టైరు వేస్తున్నారు, రెండింతలు వస్తుందంటున్నారు. (అమెరికా)

జవాబు: ఎక్కువ కాలం రావడం నిజం. అయినా వద్దనే చెబుతాం. కారు టైరు అడుగు చదును, బైకు టైరు గుండ్రం. బండి వంగినప్పుడు కారు టైరు అంచు మీద లేస్తుంది, ఆనే చోటు ఒక్కసారిగా మారిపోతుంది. టైరు రిమ్ముకి పట్టుకునే బీడు ఆకారం కూడా కారుకి వేరు, బైకుకి వేరు. 2018 తర్వాతి గోల్డ్‌వింగ్‌కి వెనక 200/55ఆర్16. అదే సైజులో, నడుమ గట్టి రబ్బరున్న టూరింగ్ టైరు తీసుకోండి.

ప్రశ్న: కొత్త టైర్లు వేయించాక 80 దాటితే హ్యాండిల్ వణుకుతోంది. (నెల్లూరు)

జవాబు: రిమ్ము అంచుకి దగ్గర్లో టైరు చుట్టూ సన్నని గీత ఉంటుంది. చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ చూడండి. రిమ్ముకీ ఆ గీతకీ మధ్య దూరం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే బీడు సరిగ్గా కూర్చోలేదు. గాలి తీసి, సబ్బు నీళ్లు రాసి మళ్లీ కూర్చోబెట్టాలి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది వాల్వు పక్కకి రావాలి, బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకి ఉండాలి. ఇవి సరిగ్గానే ఉంటే బ్యాలెన్సింగ్ చేయించండి. వెనక చక్రం విప్పారు కాబట్టి యాక్సిల్ నట్టు బిగింపు, చైను వదులు, రెండు వైపులా అడ్జస్టర్ గీతలు సమానంగా ఉన్నాయో లేదో కూడా చూడాలి. కొత్త టైరు పైపొర జారుడుగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకు, లోతు వంపు వద్దు.