డిశ్చార్జి తర్వాత మొదలయ్యే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) చివరి ఏడాదిలో ఉంది. మానసిక ఆస్పత్రి నుంచి ఇళ్లకు వెళ్లే రోగులకు తోడ్పడే పనిలో చేరతానంటోంది. దానికి ఇంకో రెండేళ్లు చదవాలట. ఆడపిల్లకు అది క్షేమమైన పనేనా? అసలు ఉద్యోగాలున్నాయా? - ఒక తండ్రి

జవాబు: ఉద్యోగాలున్నాయి. జీతం, పర్మినెంటు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ పనేమిటో తెలిస్తే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

స్కిజోఫ్రీనియాతో (లేని మాటలు వినిపించడం, భ్రమలు కలగడం లాంటి తీవ్రమైన మానసిక జబ్బుతో) కొన్ని వారాలు వార్డులో ఉన్న కుర్రాడు ఇంటికి వెళ్తున్నాడనుకోండి. వాళ్లమ్మ చేతిలో మందుల చీటీ పెట్టి పంపేస్తే సరిపోదు. సోషల్ వర్కర్ మాత్రల స్ట్రిప్పులు బల్ల మీద పరిచి, ఏది పొద్దున, ఏది రాత్రి అని ఆవిడ చేతే చెప్పిస్తుంది. అప్పుడు బయటపడుతుంది అసలు సందేహం: "మగతగా పడుంటున్నాడు, పొద్దుటి మాత్ర మానిపిస్తే ఏమైనా అవుతుందా అమ్మా?" ఆ మాట అక్కడ రాకపోతే ఇంటికెళ్లాక మాత్ర మానేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటాడు, ఆ తర్వాత జబ్బు తిరగబెడుతుంది. క్లోజపిన్ లాంటి మందు రాస్తే మొదట్లో వారం వారం రక్త పరీక్ష తప్పదు. అది ఎక్కడ చేయించాలో వార్డు వదలకముందే తేలాలి. నిద్ర తగ్గినా, తనలో తను మాట్లాడుకుంటున్నా ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోవాళ్లకు తెలియాలి. జబ్బు వల్ల వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ప్రయోజనాలకు అర్హత ఉంటుంది కాబట్టి ఆ కాగితాల పనీ చూసుకోవాలి. పాత యజమాని మళ్లీ పనిలోకి తీసుకుంటాడా అని వెళ్లి అడగడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

ఏసీ గదిలో కూర్చుని కౌన్సెలింగ్ చేయొచ్చనుకుని వచ్చేవాళ్లు ఇక్కడ త్వరగా విసుగెత్తిపోతారు. సగం తిరుగుడు, సగం కాగితాలు. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందా అన్నది నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇదేదో ఆస్పత్రులు దయతలచి చేసే సేవ అనుకోకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 98వ సెక్షన్ ప్రకారం, డిశ్చార్జి తర్వాత చికిత్స ఎలా సాగాలో రోగితోనూ, ఇంట్లో చూసుకునేవాళ్లతోనూ, ఇకపై చూడబోయే డాక్టరుతోనూ మాట్లాడి ప్రణాళిక వేయాలి. కుటుంబం లేదనో, ఇంటివాళ్లు రానివ్వడం లేదనో ఎవరినీ ఆస్పత్రిలోనే ఉంచేయకూడదని 19వ సెక్షన్ చెబుతుంది. ఈ రెండోదే కష్టం. కుదుటపడినా తీసుకెళ్లేవాళ్లు లేక వార్డుల్లోనే ఉండిపోయినవాళ్లు మన దేశంలో చాలామంది ఉన్నారు. చేర్పించేటప్పుడు ఇచ్చిన అడ్రసు తప్పయితే వెతకాల్సింది సోషల్ వర్కరే. ఇల్లు దొరకనివాళ్లకు హాఫ్‌వే హోమ్‌లు, అంటే ఆస్పత్రికీ సొంత జీవితానికీ మధ్య కొన్నాళ్లు తోడుతో ఉండే ఇళ్లు, కావాలి. అవి ఉండాల్సినన్ని లేవు. చెన్నైలోని బాన్యన్ సంస్థ, ఏళ్ల తరబడి ఆస్పత్రిలో ఉన్నవాళ్లను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో ఉంచి తోడు నిలుస్తోంది. మీ అమ్మాయికి ఆసక్తి ఉంటే ఇలాంటి చోటుకు వెళ్లి చూసి రమ్మనండి.

క్షేమం గురించి అడిగారు. మానసిక జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి జోలికీ రారు. ఇతరుల చేతిలో దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే. అయినా తెలియని ఇంటికి మొదటిసారి వెళ్లేటప్పుడు ఇద్దరు కలిసి వెళ్లాలి, ఎక్కడికి వెళ్తున్నారో ఆఫీసులో చెప్పి వెళ్లాలి. ఆ పద్ధతి లేని సంస్థలో చేరొద్దని గట్టిగా చెప్పండి. నాకు అంతకన్నా బెంగ కలిగించే విషయం వేరే ఉంది. డిశ్చార్జి అయిన తొలి వారాల్లో ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువ. ఎంత జాగ్రత్తగా చూసినా ఒక్కోసారి మనిషి దక్కడు. అలాంటప్పుడు కూర్చోబెట్టి మాట్లాడే సీనియర్ ఉన్న చోటే కొత్తవాళ్లు నిలదొక్కుకుంటారు.

ఇక చదువు. 2017 చట్టం లెక్కలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే సోషల్ వర్క్ పీజీ మీద రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎంఫిల్ చేసినవాళ్లు. బెంగళూరు నిమ్హాన్స్ ఈ చదువుకు పెట్టింది పేరు. ఇక్కడో మెలిక ఉంది. యూజీసీ 2022లో ఎంఫిల్‌ను ఎత్తేసింది, ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 వరకు మినహాయింపు ఇచ్చింది. అందుకని ఫీజు కట్టేముందు చేరే ఏడాది నోటిఫికేషన్‌లో డిగ్రీ పేరేమిటో, దానికి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. ఏజెంటు మాట నమ్మొద్దు.

ఉద్యోగాలు జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, మెడికల్ కాలేజీల సైకియాట్రీ విభాగాల్లో, పునరావాస కేంద్రాల్లో, 14416 నంబరుతో నడిచే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌లో దొరుకుతాయి. ప్రభుత్వ కార్యక్రమాల్లో చాలా వరకు కాంట్రాక్టు పోస్టులే. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చి చూస్తే మీకు నిరాశ తప్పదు.

నా సలహా, వెంటనే రెండేళ్ల కోర్సుకు పరిగెత్తొద్దు. ఎంఎస్‌డబ్ల్యూలో ఎలాగూ ఫీల్డ్‌వర్క్ ఉంటుంది కదా, మిగిలిన భాగాన్ని సైకియాట్రీ విభాగంలో వేయించుకోమనండి. వార్డు డ్యూటీతో సరిపెట్టకుండా హోమ్ విజిట్లకూ తీసుకెళ్లమని సూపర్‌వైజర్‌ను అడగమనండి. అవి చూశాక కూడా ఇదే కావాలంటే మీరు అడ్డుపడకండి. దరఖాస్తు పెట్టేముందు మాత్రం స్టైపెండ్ ఇస్తారా, హాస్టల్ ఉందా అని ఆ సంస్థనే అడిగి కనుక్కోండి.