నానమ్మ జోకులు సభలో చెప్పొచ్చా?

ప్రశ్న: మా నానమ్మ పోయి నెల దాటింది. ఒక్క మాటతో ఇల్లంతా నవ్వించేది. సంస్మరణ సభలో నన్ను మాట్లాడమంటున్నారు. ఆవిడ జోకులు చెబితే పెద్దవాళ్లు ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెప్పండి, నవ్వించండి. జీవితమంతా నవ్వించిన మనిషి గురించి "చాలా మంచావిడ, అందరినీ ప్రేమగా చూసుకునేది" అని ఊరుకుంటే వింటున్నవాళ్లకు ఆవిడ కనిపించదు. ఒకటో రెండో సంఘటనలు తీసుకుని, ఆ రోజు ఎవరెవరున్నారు, ఎవరేమన్నారు, దానికి నానమ్మ ఏమంది అన్నది ఆవిడ యాసలోనే చెప్పండి, ఆ మాటల్ని మాత్రం బాగుచెయ్యకండి. ఎవరినైనా నొప్పించిన చమత్కారమైతే వదిలేయండి. కాగితం మీద రాసి తీసుకెళ్లండి, గొంతు పూడుకుపోతే పక్కనున్నవాళ్లు అందుకుని చదువుతారు.

సభ కన్నా ముఖ్యమైంది ఇంకొకటుంది. గుర్తు చేసుకునే కొద్దీ జ్ఞాపకం కొంచెం కొంచెంగా మారిపోతుంది, అందుకే ఆవిడ తోబుట్టువులు, స్నేహితులు ఉండగానే వాళ్ల చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. పాత ఫొటోల వెనక పేర్లు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ముందువైపుకి దిగే ప్రమాదముంది. ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లుంటే ఈరోజే వేరేచోట కూడా దాచండి, ఫోన్ మార్చేటప్పుడు తేలిగ్గా పోయేవి అవే.