చెవులు దద్దరిల్లే చోట చెదరని రికార్డింగు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లెటూరు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డప్పుల మోతను ఫోనులో రికార్డు చేశాను. ఇంటికి వచ్చి వింటే అంతా గరగరమంటోంది. పైగా డప్పు మీద గట్టి దెబ్బ పడగానే మిగతా శబ్దమంతా అణిగిపోయి, మళ్లీ మెల్లగా పైకి లేస్తోంది. వచ్చే పండుగకు 12,000 రూపాయల లోపు చిన్న రికార్డరు ఒకటి కొందామనుకుంటున్నాను. 32-బిట్ ఫ్లోట్ ఉన్న యంత్రం కొంటే ఎంత మోతనైనా భయం లేకుండా రికార్డు చేయవచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా? ఏది కొనమంటారు? (ఒక పాఠకుడు, కోనసీమ)

జవాబు: మీరు రాసిన రెండు లోపాలకూ కారణాలు వేరు వేరు. శబ్దం అణిగి మళ్లీ లేవడం ఫోను తనంతట తాను చేసే పని. ఫోనులోని మైకు మాటల కోసం అమర్చినది కాబట్టి, గొంతు దూరమైతే లెవెల్ పెంచుతుంది, దగ్గరైతే తగ్గిస్తుంది. మాట కానిదాన్ని రొదగా భావించి అణచడానికి కూడా చూస్తుంది. డప్పుల మధ్య నిలబడినప్పుడు దానికి అంతా రొదగానే తోస్తుంది. ఈ దిద్దుబాట్లను ఆపివేసే వీలున్న రికార్డింగు యాప్ దొరికితే సగం బాధ తీరుతుంది. రెండవదైన గరగర అలా తీరేది కాదు. మైకు లోపలి పలుచని పొర తట్టుకోగలిగిన హద్దును మోత దాటినప్పుడు ఆ శబ్దం పుడుతుంది.

32-బిట్ ఫ్లోట్ గురించి మీరు విన్నదానిలో కొంత నిజం ఉంది. సాధారణ రికార్డరులో లెవెల్ ఎక్కువగా పెడితే శబ్ద తరంగపు కొనలు తెగిపోతాయి. అలా తెగిన కొనలను తరువాత అతికించలేము. 32-బిట్ ఫ్లోట్ పద్ధతిలో, మైకు నుంచి వచ్చిన సంకేతం ఎంత పెద్దదైనా చిన్నదైనా కొనలు తెగకుండా ఫైలులో చేరుతుంది కాబట్టి, లెవెలును ఇంటికి వచ్చాక సరిచేసుకోవచ్చు. అయితే ఇదంతా మైకు దాటిన తరువాతి సంగతి. మైకే మోతకు తట్టుకోలేకపోతే, చెడిన శబ్దమే ఎంతో జాగ్రత్తగా ఫైలులోకి చేరుతుంది. నలిగిన కాగితాన్ని ఎంత పెద్ద బీరువాలో దాచినా మడతలు పోవు కదా. అందుచేత మోత ఎక్కువగా ఉండే చోటికి రికార్డరు కొనేవారు పెట్టె మీద ముందుగా చూడవలసినది బిట్ల సంఖ్యను కాదు. మోతను కొలిచే లెక్కలో మైకు ఎన్ని డెసిబెల్‌ల వరకు తట్టుకుంటుందన్న సంఖ్యను.

ఆ లెక్కన చూస్తే జూమ్ కంపెనీ రికార్డరు హెచ్1ఎన్, దాని తరువాత 32-బిట్ ఫ్లోట్‌తో వచ్చిన హెచ్1 ఎసెన్షియల్, రెండింటి మైకుల హద్దూ 120 డెసిబెల్‌లే. టాస్కామ్ కంపెనీ డీఆర్-05ఎక్స్ హద్దు 125. జూమ్ హెచ్4 ఎసెన్షియల్ 130 వరకు తట్టుకుంటుంది గాని, అది మీరు అనుకున్న మొత్తంలో రాదు. అయిదు డెసిబెల్‌ల తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా, సరిగ్గా దెబ్బ పడే క్షణంలో అదే శబ్దాన్ని కాపాడుతుంది. డప్పుల ముందు సగటు మోత 100 నుంచి 110 డెసిబెల్‌ల మధ్య ఉంటే, సిర్ర (డప్పు వాయించే పొట్టి పుల్ల) పడిన క్షణంలో లేచే శిఖరాలు దానికి మరో 10, 15 డెసిబెల్‌ల పైన ఉంటాయి.

మీ అవసరానికి నేను డీఆర్-05ఎక్స్ వైపు మొగ్గుతాను. దాని మైకులు నాలుగు వైపుల శబ్దాన్నీ తీసుకునే రకం. ప్రభను భుజాల మీద మోసేవారి కేకలు, జనం సందడి, డప్పు అన్నీ కలిస్తేనే తీర్థం అవుతుంది కాబట్టి ఇది మీకు లోపం కాదు. పైగా ఈ రకం మైకులు గాలికీ, చేతి కదలికకూ తక్కువగా చెదురుతాయి. ఇదే వరుసలో డీఆర్-05ఎక్స్‌పీ అనే నమూనాలో 32-బిట్ ఫ్లోట్ కూడా ఉంది. ధరలో తేడా తక్కువైతే అదే తీసుకోండి. వాడినది కొనేటట్లయితే బ్యాటరీ గది తెరిచి, తీగల మీద పచ్చని తుప్పు ఉందేమో చూడండి. మన డెల్టా తేమలో బ్యాటరీ తీయకుండా వదిలేసిన యంత్రాలకు ముందుగా వచ్చే జబ్బు అదే.

కొన్న యంత్రం కంటే మీరు నిలబడే చోటే ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ మోత 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. డప్పుకు ఒక మీటరు దూరంలో ఉన్న మైకును నాలుగు మీటర్లకు జరిపితే 12 డెసిబెల్‌లు తగ్గినట్టే. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మరింత ఖరీదైన మైకు కొన్నంత లాభం ఇది. డప్పు ముఖానికి నేరుగా ఎదురుగా కాక కొంచెం పక్కగా నిలబడితే చిటికెన పుల్ల (డప్పు వాయించే సన్నని పుల్ల) చేసే పదునైన చప్పుడు మెత్తబడుతుంది. రికార్డరును ఒక చిన్న గెడకు కట్టి జనం తలల కంటే పైకి ఎత్తితే పక్కవారి మాటలు, ఈలలు వెనక్కి పోతాయి.

లెవెల్ పెట్టే సమయం కూడా ముఖ్యమే. తోలు డప్పులను మంట దగ్గర కాచిన తరువాత తోలు బిగిసి, గొంతు పదునెక్కి, మోత పెరుగుతుంది. కాచకముందు పెట్టిన లెవెల్ ఆ తరువాత సరిపోదు. కనుక కాచిన డప్పునే ఒకసారి గట్టిగా వాయించమని అడిగి, శిఖరాలు రికార్డరులో లెవెల్ చూపే మీటరు మీద, కొనలు తెగే సున్నాకు కిందుగా, మైనస్ 12 దగ్గర ఆగేటట్లు చూసుకోండి. కళాకారులు ప్రభ దగ్గరకు వచ్చేసరికి ఇంకా ఊపు పెంచుతారు. ఆ ఖాళీ అందుకే. ఆటోమేటిక్ లెవెల్ ఎక్కడ ఉన్నా ఆపివేయండి, లేకపోతే ఫోనులో విన్న ఆ అణగడం, లేవడం మళ్లీ వస్తాయి. మోత మధ్య హెడ్‌ఫోన్ పెట్టుకుని విని తీర్పు చెప్పడం కుదరదు. బయటి శబ్దమే చెవిని కమ్మేస్తుంది. మీటరునే నమ్మండి.

24-బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు (శబ్దాన్ని కుదించకుండా దాచే రకం) గంటకు ఒక జీబీకి కొంచెం పైన అవుతుంది కాబట్టి 32 జీబీ కార్డులో సుమారు 30 గంటలు పడతాయి; ఎంపీ3లో రికార్డు చేసి స్థలం మిగిల్చుకోవలసిన అవసరం లేదు. చెవులలో మాత్రం నురుగు బిరడాలు పెట్టుకోండి. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌లను ఎనిమిది గంటలు భరించవచ్చు, ఆపై ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్‌ల దగ్గర అది 15 నిమిషాలే.

ప్రశ్న: మా ఊరి జాతరలో పాటల ఆర్కెస్ట్రా పెట్టారు. సౌండు చూసే అన్నయ్య మిక్సరు నుంచి ఒక కేబుల్ ఇచ్చి నా రికార్డరు మైకు రంధ్రంలో పెట్టుకోమన్నారు. పాట మొత్తం పగిలినట్టు వచ్చింది. అంతకంటే వింత ఏమిటంటే, ఇయర్‌ఫోన్‌లో వింటే పాట ఉంది, ఫోను స్పీకరులో పెడితే దాదాపు ఏమీ వినిపించడం లేదు. రికార్డరు పాడైందా? (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

జవాబు: మీ రికార్డరు పాడవలేదమ్మా. మిక్సరు నుంచి బయటికి వచ్చే సంకేతం ఒక వోల్టు, ఆ పైన ఉంటుంది. మైకు రంధ్రం ఎదురుచూసేది కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. లోపలికి రాగానే అది తెగిపోతుంది. రికార్డరు లెవెల్ తగ్గించినా చాలాసార్లు లాభం ఉండదు, తెగడం అంతకు ముందే జరిగిపోతుంది గనుక. ఇలాంటి పెద్ద సంకేతాల కోసమే ఉండే లైన్ రంధ్రం ఉంటే అందులో పెట్టాలి. లేకపోతే సంకేతాన్ని తగ్గించే అటెన్యుయేటర్ కేబుల్ మధ్యలో పెట్టాలి. తక్కువ ఖర్చుతో దొరికే వస్తువే. మిక్సరు అవుట్ లెవెల్ కొంచెం తగ్గించమని ఆయనను అడగవచ్చు గాని, బాక్సులకు వెళ్లే అవుట్ కాక వేరే అవుట్ ఇస్తేనే అది కుదురుతుంది. రికార్డరులో చిన్న మైకులకు కరెంటు ఇచ్చే ప్లగ్-ఇన్ పవర్ ఉంటే, మిక్సరుకు కలిపేటప్పుడు దాన్ని తప్పక ఆపివేయండి.

ఫోను స్పీకరు వింతకు కారణం కేబుల్. మిక్సరులోని మూడు పిన్నుల అవుట్‌లో ఒకే శబ్దం రెండు తీగలలో వస్తుంది, రెండవది మొదటిదానికి తలకిందులుగా. వాటిని నేరుగా స్టీరియో జాక్‌కు కలిపితే ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి దాని తలకిందులు వెళతాయి. ఇయర్‌ఫోన్‌లో రెండూ విడివిడిగా వినిపిస్తాయి. ఫోను స్పీకరు రెండింటినీ కలిపేసరికి ఒకదానినొకటి కొట్టేసుకుంటాయి. ఎడిటింగు యాప్‌లో ఎడమ చానెల్ మాత్రమే ఉంచి, దానినే రెండు వైపులా పెట్టుకుంటే పాట తిరిగి వస్తుంది. తెగిన కొనలు మాత్రం రావు. ఈసారి ఒక తీగను మాత్రమే రెండు వైపులకూ ఇచ్చే కేబుల్ కట్టించుకోండి.

మిక్సరు నుంచి తీసుకున్నదానిలో సాధారణంగా గాత్రం ఎక్కువగా, తాళ వాద్యాలు తక్కువగా ఉంటాయి, ఎందుకంటే డ్రమ్ములు వేదిక మీదనే చెవులు దద్దరిల్లేలా మోగుతాయి, వాటిని బాక్సులలో పెద్దగా పెంచరు. చప్పట్లు అసలే ఉండవు. వీలైతే జనంలో మరో రికార్డరు పెట్టి, ఇంటి దగ్గర రెండింటినీ కలపండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, వేదికకు 34 మీటర్ల దూరంలోని రికార్డరు సెకనులో పదో వంతు వెనకబడుతుంది. ఆ మేరకు ఫైలును ముందుకు జరపకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

ఇంకొక మాట. మీ వినికిడి కోసం రికార్డు చేసుకోవడం వేరు, నలుగురికీ పంచడం వేరు. 1957 నాటి కాపీరైటు చట్టం వేదిక మీద పాడిన, వాయించిన కళాకారులకు తమ ప్రదర్శనపై హక్కు ఇస్తుంది. సినిమా పాటలైతే పాటకు యజమానులు వేరే ఉంటారు. నెట్‌లో పెట్టే ముందు ఆ కళాకారులను అడగండి. వారికి ఒక ప్రతి ఇస్తానంటే సంతోషంగా ఒప్పుకునేవారే మన వైపు ఎక్కువ.

ప్రశ్న: అంతర్వేది రథోత్సవం నాడు నాదస్వరం, డోలు రికార్డు చేయాలని ఉంది. అక్కడి గాలికి ఏమి చేయాలి? (ఒక పాఠకుడు, నరసాపురం)

జవాబు: మాఘ శుద్ధ ఏకాదశి నాటికి సముద్రపు గాలి బాగానే ఉంటుంది. గాలి నేరుగా కొట్టినప్పుడు మైకు పొర డోలు దెబ్బకు మించి ఊగుతుంది, కాబట్టి దాన్ని లెవెల్ తగ్గించి ఆపలేము. రికార్డరుతో వచ్చే నురుగు తొడుగు నోటి గాలికి చాలుతుంది గాని తీరపు గాలికి చాలదు. పొడవాటి బొచ్చు తొడుగు కొనండి. లోతైన శబ్దాలను తగ్గించే లో కట్ అనే మీటను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టవచ్చు. ఇంకా పైకి పెడితే డోలు బరువు పోయి డబ్బా చప్పుడు మిగులుతుంది. వీపు సముద్రం వైపు పెట్టి నిలబడితే మీ శరీరమే కొంత అడ్డుగా ఉంటుంది. ఇంటికి రాగానే పొడి గుడ్డతో తుడిచి, బ్యాటరీలు తీసి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో ఉంచండి. తడిసిన తువ్వాలుతో కలిపి సంచిలో మాత్రం వదిలేయవద్దు, ఒక్క రాత్రికే ఉప్పు తేమ మీటల సందులలోకి చేరుతుంది.