థైరాయిడ్‌లో చిన్న గడ్డ ఉందంటే క్యాన్సరేనా?

కాదు, థైరాయిడ్‌లో కనిపించే గడ్డల్లో నూటికి 90కి పైగా క్యాన్సర్ కానివే. వయసు పెరిగేకొద్దీ గ్రంథిలో కణాలు అక్కడక్కడా గుంపుగా పెరగడం, ద్రవం చేరడం మామూలే. మెడకు వేరే కారణంతో స్కానింగ్ తీసినప్పుడు చాలామందికి ఇవి బయటపడతాయి.

ముందు థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, మెడ అల్ట్రాసౌండ్ చేస్తారు. గడ్డ గట్టిదా, నీటి బుడగా, అంచులు ఎలా ఉన్నాయి, సన్నని సున్నపు చుక్కలున్నాయా అన్నది చూసి టీఐరాడ్స్ అనే 1 నుంచి 5 వరకు గ్రేడు ఇస్తారు; అంకె పెరిగేకొద్దీ క్యాన్సర్ అనుమానం ఎక్కువ. సూదితో కణాలు తీసే ఎఫ్ఎన్ఏసీ అవసరమా అన్నది ఈ గ్రేడు, సైజు కలిపి తేలుస్తాయి. మామూలుగా గ్రేడు 3కి 2.5 సెంటీమీటర్లు, 4కి 1.5, 5కి 1 సెంటీమీటరు దాటితే సూది పరీక్ష చెబుతారు.

ఉదాహరణకు 12 మిల్లీమీటర్ల గ్రేడు 4 గడ్డకు సాధారణంగా సూది అక్కర్లేదు, ఏడాది తర్వాత మళ్లీ స్కానింగ్ చాలు. కానీ గడ్డ త్వరగా పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, మెడలో బిళ్లలు కట్టినా, ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్ వచ్చి ఉన్నా, చిన్నప్పుడు మెడకు రేడియేషన్ ఇచ్చి ఉన్నా ఆగకండి. వెంటనే ఎండోక్రైనాలజిస్టుకు (హార్మోన్ల డాక్టరుకు) చూపించండి.

చాలామంది పొరపడేది టీఎస్‌హెచ్ దగ్గరే. అది నార్మల్ వస్తే గడ్డకు భయం లేదనుకుంటారు. టీఎస్‌హెచ్ చెప్పేది గ్రంథి పనితీరు మాత్రమే. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అది నార్మల్‌గానే ఉంటుంది.