ఒక్కడే మిగిలిన బ్యాండ్ ఆల్బమ్ ‘చేసింది’ అనాలా, ‘చేశాడు’ అనాలా?

సందేహం: లయర్స్ అనే ప్రయోగాత్మక రాక్ బ్యాండ్ గురించి తెలుగులో రాస్తున్నాను. 2017లో వాళ్ల ఆల్బమ్ ‘టీఎఫ్‌సీఎఫ్’ వచ్చేనాటికి బ్యాండ్‌లో ఆంగస్ ఆండ్రూ ఒక్కడే ఉన్నాడు. ‘లయర్స్ ఈ ఆల్బమ్ చేసింది’ అని రాశాను. ఉన్నది ఒక మగమనిషే కాబట్టి ‘చేశాడు’ అనాలని ఒక ఫ్రెండ్, పేరు బహువచనం కాబట్టి ‘చేశారు’ అనాలని ఇంకో ఫ్రెండ్ అంటున్నారు. ‘ఏకైక మిగిలిన సభ్యుడు’ అన్నది కూడా ఎందుకో అతకడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విద్యానగర్, హైదరాబాద్

సమాధానం: మీరు మొదట రాసిందే సరైనది, మార్చకండి. తెలుగులో క్రియ చూసేది వాక్యంలో కర్తగా ఏ మాట ఉందన్నదే కానీ, ఆ మాట వెనక ఎంతమంది ఉన్నారన్నది కాదు. ప్రభుత్వం నిర్ణయించింది, కమిటీ తేల్చింది, జట్టు ఓడింది అంటాం, వాటిలో ఎందరున్నా సరే. పేరు చివర ఇంగ్లీషు ‘స్’ ఉన్నంత మాత్రాన మనకది బహువచనం కాదు. 2016లో సన్‌రైజర్స్ ఐపీఎల్ కప్పు గెలిచింది అనే హైదరాబాద్ అంతా చెప్పుకుంది, గెలిచారు అని కాదు. ‘గెలిచారు’ అనాలంటే ‘సన్‌రైజర్స్ వాళ్లు’ అనాలి. మన బరాత్‌ల దగ్గర వినండి, ‘బ్యాండు వచ్చిందా’ అని ఒకరు అడుగుతారు, ‘బ్యాండోళ్లు వచ్చిన్రా’ అని ఇంకొకరు అడుగుతారు, రెండూ తప్పు లేకుండా నడుస్తాయి, ఎందుకంటే రెండో ఆయన మనుషుల్ని కర్తగా తెచ్చుకున్నాడు. (‘జనం’ ఒక్కటి మొండిది. చూడ్డానికి ఏకవచనమే అయినా ‘జనం వచ్చారు’ అనే అంటాం.)

మీ ఉత్తరంలోనే ఒక చోట ‘వాళ్ల ఆల్బమ్’ అన్నారు చూడండి. ఉన్నది ఒక్కడేనని ఆ వాక్యంలోనే చెబుతూ ‘వాళ్ల’ అనేశారు. మాట్లాడేటప్పుడు ఇది ఎవరికీ అడ్డు రాదు కానీ, రాతలో ‘బ్యాండ్ ఆల్బమ్’ అనో ‘ఆండ్రూ ఆల్బమ్’ అనో తేల్చుకోవాలి.

‘చేశారు’తో అసలు చిక్కు ఏమిటంటే అది రెండు పనులు చేస్తుంది. చాలామందికీ అదే, గౌరవించే ఒక్క మనిషికీ అదే. ‘ఆండ్రూ చేశారు’ అంటే గౌరవం అనుకుంటారు, ‘లయర్స్ చేశారు’ అంటే నలుగురు కూర్చుని వాయించారనుకుంటారు, అంటే ఈ ఆల్బమ్ విషయంలో ముఖ్యమైన సంగతే తలకిందులవుతుంది. ‘ఆండ్రూ చేశాడు’ అన్నా అమర్యాదేం లేదు, క్రికెటర్ల గురించి పేపర్లు రోజూ అలాగే రాస్తాయి.

ఆ మిగిలిన మనిషి స్త్రీ అయ్యుంటే మీ మొదటి ఫ్రెండ్‌కి ఈ సందేహమే వచ్చేది కాదు. ఆమె చేసింది, బ్యాండ్ చేసింది, రెంటికీ ఒకటే రూపం. స్త్రీవాచకం ఏకవచనంలో అమహత్తులా (అంటే జంతువుల్ని, వస్తువుల్ని చెప్పే మాటల్లా), బహువచనంలో మహత్తులా (అంటే మగవాళ్లను చెప్పే మాటల్లా) నడుస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం చెప్పేది దీన్నే.

ఇంకో సంగతి, మనుషుల లెక్కను బట్టి క్రియ మార్చడం మొదలుపెడితే దానికి అంతుండదు. 2000 ప్రాంతంలో మొదలైన ఈ బ్యాండ్ నుంచి ముందు డ్రమ్మర్ జూలియన్ గ్రాస్, తర్వాత మొదటినుంచీ ఉన్న ఆరన్ హెంప్‌హిల్ వెళ్లిపోయారు. 2021లో ‘ది యాపిల్ డ్రాప్’ వచ్చేసరికి మళ్లీ డ్రమ్మర్ లారెన్స్ పైక్ లాంటివాళ్లు చెయ్యి కలిపారు. అప్పుడొక క్రియ, ఇప్పుడొక క్రియ రాస్తామా? బ్యాండ్ పేరు అదే ఉంది కాబట్టి క్రియా అదే.

అయితే ‘లయర్స్ 2017లో టీఎఫ్‌సీఎఫ్ తెచ్చింది. అతను దాన్ని ఆస్ట్రేలియాలో చేశాడు’ అని మాత్రం రాయకండి. ‘అతను’ అంటే ఎవరో ముందు వాక్యంలో లేదు. మధ్యలో మనిషిని దించాలి: ‘అప్పటికి అందులో మిగిలింది ఆంగస్ ఆండ్రూ ఒక్కడే. అతను...’ అని. ఇక్కడ ‘మిగిలింది’ చూసి కంగారు పడకండి. ‘నిన్న వచ్చింది మా అన్నయ్య’ అంటాం కదా, ఎవరన్నది నొక్కి చెప్పే వాక్యంలో మగవాడికైనా ‘-ది’ వస్తుంది. ‘మిగిలినవాడు’ అన్నా తప్పు కాదు, కాస్త బరువుగా ఉంటుంది, అంతే.

మీ ‘ఏకైక మిగిలిన సభ్యుడు’ అతకనిది అందుకే. ఇంగ్లీషులో పేరుకి ముందు పేర్చిన విశేషణాల్ని మనమూ అదే వరుసలో పేర్చితే తెలుగు బిగుసుకుపోతుంది. పేర్చకుండా ‘మిగిలింది ఒక్కడే’ అని క్రియతో చెప్పేస్తే చాలు.

చివరిగా మీరు అడగనిది ఒకటి. ‘ఒక్కడే చేశాడు’ అన్నచోట చాలామంది ‘ఒంటరిగా చేశాడు’ అని రాస్తున్నారు. ఒక్కడే అంటే లెక్క, ఒంటరి అంటే మనసు. ఈ ఆల్బమ్ అట్ట మీద ఆండ్రూ పెళ్లికూతురి తెల్లగౌనులో ఒక్కడే కూర్చుని ఉంటాడు. ఏళ్ల తరబడి కలిసి పాటలు కట్టిన తోడు వెళ్లిపోయాక చేసింది ఇది. కాబట్టి సమీక్షలో మీ అభిప్రాయంగా ‘ఒంటరి’ అనొచ్చు, నేనైతే అంటాను. వార్తలో మాత్రం ‘ఒక్కడే’ అని రాయండి.